అమ్మమ్మ పెట్టెలో ఏది ఉంచాలి, ఏది ఎవరికి చేరాలి?

ప్రశ్న: మా అమ్మమ్మకు 84 ఏళ్లు. తాతగారు పోయి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ పాత ఇంట్లో ఒక్కతే ఉంది, ఇకమీదట పెద్దమామయ్య ఇంట్లో ఒక గదిలో ఉండబోతోంది. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఐదు బీరువాలు, రెండు ట్రంకు పెట్టెలు, అటక నిండా సామాను ఉన్నాయి. ఒకరోజు "అన్నీ కావాలి" అంటుంది, మర్నాడు "అన్నీ అవతల పారేయండి" అంటుంది. పోయిన వారం ఆమె నిద్రపోతుండగా చిన్నమామయ్య ఒక అట్టపెట్టెను చెత్తలో వేసేశాడు. తాతగారి గొంతు ఉన్న క్యాసెట్లు కొన్ని అందులో పోయాయట. అప్పటి నుంచి అమ్మమ్మ ఆయనతో మాట్లాడటం లేదు. మనవలం ఎనిమిది మందిమి. తాతగారి చేతిగడియారాన్నీ అమ్మమ్మ కుట్టుమిషన్‌నీ ముగ్గురేసి అడుగుతున్నారు. ట్రంకులో వాళ్లిద్దరూ రాసుకున్న ఉత్తరాలున్నాయి, చదవవచ్చో లేదో తెలియడం లేదు. నాది రెండు గదుల ఇల్లు. అన్నీ తెచ్చుకోలేను, వదులుకుంటే అమ్మమ్మనే వదులుకున్నట్టు అనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఉత్తరంలో బాధ కనిపిస్తోంది, కానీ నాకు అందులో ఒక అదృష్టం కూడా కనిపించింది. ఆ వస్తువులు ఎవరివో ఆ మనిషి మీ ఎదుటే కూర్చుని ఉన్నారు. చాలా ఇళ్లలో ఈ పని మనిషి పోయాక, ఏడుపు ఇంకా ఆరకముందే, సెలవు దొరికిన రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. మా తాతగారి విషయంలో మేమూ అలాగే చేశాం. ఆయన పర్సులో, గుర్తింపు కార్డు వెనుక, అగ్గిపెట్టెంత ఫొటో ఒకటి దొరికింది. సైకిలు పట్టుకుని నిలబడిన ఇరవై ఏళ్ల కుర్రవాడు, గొలుసులో పడకుండా ఒక కాలి ప్యాంటు పైకి మడుచుకుని, ఎండకు కళ్లు చిట్లించి చూస్తున్నాడు. ఫొటో నాలుగు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోయాయి, అంటే అది ఎన్ని పర్సులు మారిందో ఊహించుకోవచ్చు. ఆ కుర్రవాడు మా తాతగారు కాదు. ఎవరో మా నాన్నకు తెలియదు, మా అత్తలకు తెలియదు. ఒక్క నెల ముందు అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేవారు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని పారేయలేను, ఎవరిదని పిల్లలు అడిగితే చెప్పనూ లేను.

అందుకే మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట మొదటే చెబుతాను. మీ ఇంట్లో ఇప్పుడు ప్రతి వస్తువు ముందూ నిలబడి అందరూ "ఇది ఉంచుదామా, తీసేద్దామా" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నను మానేసి, "అమ్మమ్మా, ఇది ఎవరి దగ్గర ఉంటే బాగుంటుంది?" అని అడగండి. మొదటి ప్రశ్నలో ఆమెకు వినిపించేది తన జీవితంలో ఏ ముక్క అక్కరలేనిదో తననే చెప్పమనడం. దానికి ఒకరోజు మొండిగా "అన్నీ కావాలి" అని, మరో రోజు విసిగి "అన్నీ పారేయండి" అని జవాబు రావడంలో ఆశ్చర్యం లేదు, నిజానికి ఆ రెండూ ఒకే నొప్పి నుంచి వచ్చిన మాటలు. రెండో ప్రశ్నలో ఆమె ఇచ్చే మనిషి అవుతారు. ఇవ్వడానికి ముందు ఆ వస్తువు సంగతి చెప్పాలనిపిస్తుంది కాబట్టి కథ కూడా దానంతట అదే బయటికి వస్తుంది. ఎవరి పేరూ తోచని వస్తువును చాలాసార్లు ఆమే "ఇదెందుకులే" అని పక్కకు తోసేస్తారు.

తన చేతిలో ఉన్నదాన్ని వదులుకోలేకపోవడం ముసలితనపు చాదస్తమని మీ మామయ్యలు అనుకుంటూ ఉండవచ్చు. అది అందరిలోనూ ఉండే గుణమే. కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, అప్పుడే చేతికి ఇచ్చిన మామూలు కాఫీ కప్పును అమ్మమంటే విద్యార్థులు చెప్పిన ధర, కప్పు దొరకనివారు కొనడానికి సిద్ధపడిన ధర కంటే సుమారు రెట్టింపు ఉంది. కొన్ని నిమిషాలు చేతిలో ఉన్న కప్పు సంగతే అలా ఉంటే, యాభై ఏళ్లు చేతిలో మెలిగిన వస్తువు సంగతి వేరే చెప్పాలా? ఈ మాట మీ మామయ్యలకు నిదానంగా చెప్పండి, వాదనకు దిగకుండా.

ఇక పోయిన వారం జరిగినదాన్ని సరిదిద్దకుండా ముందుకు వెళ్లలేరు. చిన్నమామయ్యగారు చెడ్డ ఉద్దేశంతో చేయలేదన్నది నిజమే కావచ్చు, కానీ మీ అమ్మమ్మగారికి ఇప్పుడు తన ఇంట్లో తాను నిద్రపోవడానికే భయం వేస్తుంది. ఆయన స్వయంగా వచ్చి, పని తేలిక చేద్దామనుకున్నానని సమర్థించుకోకుండా, "నీకు చెప్పకుండా తీయడం నా తప్పు అమ్మా" అని ఒక్క మాట అనాలి. ఆ తరువాత ఇంట్లో అందరూ ఒక నియమానికి కట్టుబడాలి: ఆమె చూడకుండా, ఆమె నోటితో అనకుండా ఒక్క చిత్తు కాగితం కూడా గడప దాటకూడదు. పెద్దవాళ్ల మతిమరుపును అడ్డుపెట్టుకుని "ఆమెకు గుర్తుండదులే" అని తీసేసే అలవాటు చాలా ఇళ్లలో చూశాను, నాకది దొంగతనానికి దగ్గరగానే అనిపిస్తుంది. ఆమెకు వస్తువు గుర్తుండకపోవచ్చు, కానీ ఏదో పోయిందన్న వెలితి మాత్రం ఉండిపోతుంది.

మిగిలిన క్యాసెట్లను ముందుగా కాపాడండి, ఎందుకంటే ఇంట్లో ఉన్నవాటిలో అన్నింటికంటే త్వరగా పాడయ్యేవి అవే. టేపు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకూ కాలానికీ బలహీనపడుతుంది, నలభై ఏళ్ల నాటి టేపు ఇంకా పలుకుతోందంటే అది ఎప్పటికీ పలుకుతుందని కాదు. క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత గొంతు చెరిగిపోదు, కాబట్టి టేప్ రికార్డర్‌లో పెట్టకముందే ఆ పని చేయండి. ఎన్నో ఏళ్లుగా మూల పడి ఉన్న టేప్ రికార్డర్‌లో నేరుగా ఆ క్యాసెట్ పెట్టవద్దు. మొదట అక్కరలేని క్యాసెట్ ఒకటి పెట్టి, టేపును నమలడం లేదని చూసుకోండి. ధ్వనిని కంప్యూటరులోకి ఎక్కించాక మూడు నకళ్లు తీసి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉంచండి. ఈ పని చిన్నమామయ్యగారికే అప్పగించమని నా సలహా. పోయిన క్యాసెట్లు ఎలాగూ తిరిగి రావు, మిగిలినవాటిని ఆయనే బతికించి, తాతగారి గొంతును ఆమెకు ఆయనే వినిపిస్తే, వాళ్లిద్దరి మధ్య మాట కలవడానికి అంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

అసలు పని ఎలా సాగాలంటే, ఉదయం పూట, ఆమె ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు, ఒక గంటకు మించకుండా, ఒక్క సొరుగు లేదా ఒక్క అర మాత్రం. ఆల్బమ్‌లతో మొదలుపెట్టవద్దు. ఫొటోల దగ్గర కూర్చుంటే ఆ రోజంతా అక్కడే గడుస్తుంది, మిగిలిన రోజుల మీద దిగులు పరుచుకుంటుంది. ఒకే రకానివి నాలుగైదేసి ఉన్న డబ్బాలు, దుప్పట్లు, ఖాళీ సీసాలు, పాత పత్రికల వంటివాటితో చేయి అలవాటు కానివ్వండి. వస్తువును దూరం నుంచి ఎత్తి చూపించి "ఇది?" అనకుండా ఆమె ఒడిలో పెట్టండి. చూపు మందగించినవారికి వేళ్లే కళ్లు. పైగా చాలా జ్ఞాపకాలు చేతిస్పర్శకే మేలుకుంటాయి. పిడి అరిగిన కత్తెరను వేళ్లకు తగిలించుకోగానే ఆ కత్తెరతో మొదట కత్తిరించిన గుడ్డ ఏ రంగుదో చెప్పగలిగిన పెద్దావిడను నేను చూశాను, అంతకు ముందు అరగంట పాటు ఆమె "నాకేమీ గుర్తు లేదు" అంటూనే ఉన్నారు.

ఆమె చెప్పినదే చెబుతుంటే ఆపకండి. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో రాసిన ఒక వ్యాసంలో, వృద్ధులు గతాన్ని తవ్వుకుంటూ ఉండడం బుద్ధి మందగించినదనడానికి గుర్తు కాదనీ, జీవితాన్ని ఒకసారి మొదటి నుంచి చూసుకుని లెక్క సరిచూసుకునే సహజమైన పని అనీ వాదించారు. అంతకు ముందు వైద్యులు కూడా దాన్ని జబ్బు లక్షణంగానే చూసేవారు. మనుషులకు సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవి మిగతా కాలం కంటే ఎక్కువగా గుర్తుంటాయని ఆ తరువాతి పరిశోధనల్లో పదే పదే తేలింది. మీ అమ్మమ్మగారి విషయంలో ఆ వయసంటే పెళ్లికి ముందు నాళ్లు, కొత్త కాపురం, చిన్నపిల్లల తల్లిగా ఉన్న రోజులు, అంటే మీలో ఎవరూ చూడని మనిషి. ఫోనులో రికార్డరు పెట్టి, దాన్ని మడిచిన తువ్వాలు మీద ఆమెకు దగ్గరగా ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే వస్తువుల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. రికార్డు చేస్తున్నానని ఆమెకు చెప్పే చేయండి. ప్రతి వస్తువుకూ ముందుగా మీరు గట్టిగా "ఇది నీలం రంగు గుండీల డబ్బా" అన్నట్టు పేరు చెప్పండి, లేకపోతే పదేళ్ల తరువాత వినేవారికి "ఇది మా అన్నయ్య తెచ్చాడు" అన్న మాటలో "ఇది" ఏమిటో తెలియదు.

ఏ వస్తువు ఎవరికన్నదానిలో గొడవలు చాలాసార్లు విలువైనవాటి దగ్గర రావు. నగలకూ ఇంటికీ పత్రాలు, తూకాలు, మధ్యవర్తులు ఉంటారు. కొట్లాటంతా ధర లేని గడియారం దగ్గర, కుట్టుమిషన్ దగ్గర వస్తుంది. అక్కడ అడుగుతున్నది వస్తువును కాదు, "తాతకు నేనంటే ఎక్కువ ఇష్టం" అన్న సాక్ష్యాన్ని. కాబట్టి ఆ ముగ్గురినీ అది ఎందుకు కావాలో అమ్మమ్మగారి ముందు చెప్పమనండి. ఒకరు రోజూ సాయంత్రం తాతగారి పక్కన కూర్చుని ఆయన దానికి కీ ఇస్తుంటే చూసిన మనిషి కావచ్చు, మరొకరు పాత గడియారాలంటే సరదా ఉన్న మనిషి కావచ్చు. కారణాలు పైకి వచ్చాక చాలాసార్లు ఒకరు తమంతట తామే తప్పుకుంటారు. అప్పటికీ తేలకపోతే నిర్ణయం ఆమెది. ఆమె చెప్పనంటే మిగిలిన చిన్న వస్తువులన్నింటితో పాటు చీట్లు వేయండి. మొదటి విడతలో ఒకటి నుంచి ఎనిమిది వరకు వరుసగా ఎంచుకుంటే, రెండో విడతలో ఎనిమిదో మనిషి నుంచి వెనక్కి రావాలి, అప్పుడు ఆఖరి చీటీ వచ్చినవారికి రెండు వస్తువులు వెంట వెంటనే ఎంచుకునే వీలు దొరుకుతుంది. అందరికీ సమానమైన సంఖ్యలో వస్తువులు రావడమే న్యాయమని పట్టుబట్టవద్దు, ఎనిమిది మందిలో ఇద్దరికి ఏ వస్తువూ అక్కరలేకపోవచ్చు, అది ప్రేమ లేకపోవడం కాదు.

ఆమె తన చేత్తో ఇప్పుడే ఇవ్వదలచుకున్నవి ఇప్పుడే ఇవ్వనివ్వండి. తన తరువాత తీసుకోమని చెప్పేవాటికి చిన్న కాగితం మీద పేరు రాసి దారంతో కట్టండి. అయితే నగలు, ఆస్తి వంటి విలువైనవాటికి ఆ దారపు చీటీ సరిపోదు, అవి వీలునామాలో ఉండాలి, దానికి న్యాయవాదిని కలవాలి. ఆస్తి పత్రాలు, బ్యాంకు, బీమా, పింఛను కాగితాలు జ్ఞాపకాల కుప్పలోకి రాకుండా మొదటి రోజే వేరు చేయండి. పుస్తకాల పేజీలు, చీరల మడతలు, పాత కవర్లు దులిపి చూడకుండా ఏదీ ఇచ్చేయవద్దు. డబ్బును దాచే చోటు ప్రతి పెద్దావిడకూ ఒకటి ఉంటుంది.

గడియారం గురించి ఒక జాగ్రత్త. దాని అంకెల మీద చీకట్లో వెలిగే రంగు పూసి ఉండి, అది 1960ల నాటిదో అంతకు ముందుదో అయితే, అందులో రేడియం ఉండే అవకాశం ఉంది. వెలుగు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, కానీ రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. బీరువాలో దాచుకుంటే భయపడవలసింది లేదు. పనిముట్లు పట్టుకుని మీరే దాన్ని విప్పడం, లోపలి పొడిని గీకడం మాత్రం ఎన్నడూ చేయవద్దు, పిల్లల చేతికి ఆటకు ఇవ్వవద్దు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పి ఇవ్వండి.

కుట్టుమిషన్‌ను కుట్టేవారికే ఇవ్వండి. నూనె పడుతూ, తిరుగుతూ ఉన్నంతకాలమే అది కుట్టుమిషన్, మూల నిలబెట్టి పూలకుండీ పెడితే పదేళ్లకు అది తుప్పు పట్టిన బల్ల. అడుగుతున్న ముగ్గురిలో కుట్టు వచ్చినవారు లేకపోతే ఇంటి బయటి మనిషికైనా వెళ్లనివ్వండి, సొరుగులోని నూనె డబ్బా, దారపు కండెలు, సూది గుచ్చుకోకుండా ఆమె వేలికి పెట్టుకున్న అంగుస్తాన ఆ ముగ్గురూ తీసుకోవచ్చు. వారసత్వ వస్తువు మొత్తంగానే ఉండాలన్న నియమమేమీ లేదు. నా వరకు నాకు, ఆమె వేలి మీద అరిగిన ఆ చిన్న లోహపు టోపీలో మిషన్ మొత్తంలో కన్నా ఎక్కువ అమ్మమ్మ ఉంటుంది.

ఉత్తరాల విషయంలో మీరు సందేహించడమే మంచి లక్షణం. ఆ ఉత్తరాలు రాసినది మీరు కాదు, అందుకున్నదీ మీరు కాదు. ఇద్దరిలో ఒకరు లేరు కాబట్టి మిగిలిన మనిషి అనుమతి ఒక్కటే దారి, అది అడిగే అవకాశం కూడా ఇప్పుడే. కట్ట ఆమె చేతిలో పెట్టి, గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. కొన్ని ఉత్తరాలు తనకు చదివి వినిపించమంటారు, కొన్ని మీకు ఇస్తారు, కొన్ని తానే దాచుకుంటారు. కొన్నిటిని చింపేయమంటే? చాలామంది ఇక్కడే తడబడి, సరేనని చెప్పి చాటుగా దాచేస్తారు. మీరు ఒకసారి "ఎందుకు అమ్మమ్మా, నేను ఎవరికీ చూపించను" అని అడగవచ్చు. రెండోసారి కూడా అదే మాట అంటే ఆమె కళ్ల ముందే చింపండి. కుటుంబ చరిత్రలో ఒక కాగితం తగ్గుతుందని నాకు తెలుసు, ఆ నష్టం నాకూ బాధగానే ఉంటుంది. అయినా ఒక మనిషి బతికి ఉండగా చెప్పిన మాటను, ఆమెకు తెలియదన్న ధైర్యంతో దాటడం ఆమె మీద ప్రేమ అనిపించుకోదు.

ఉంచుకునే ఉత్తరాలకు కట్టిన రబ్బరు బ్యాండ్లను తీసేయండి. రబ్బరు కొన్నేళ్లకు మెత్తబడి కాగితానికి అంటుకుని, ఆపైన గట్టిపడి పెచ్చులవుతుంది. గుండుసూదులూ క్లిప్పులూ తుప్పు మరక వదులుతాయి. వార్తాపత్రిక ముక్కలను ఉత్తరాల మధ్య ఉంచవద్దు, ఆ నాసిరకం కాగితంలోని ఆమ్లం పక్క కాగితాన్ని కూడా పసుపు చేస్తుంది. విడదీసి, మడతలు నెమ్మదిగా విప్పి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పడుకోబెట్టి, తేమ తగలని గదిలో ఉంచితే చాలు. అటక మీద వేడి, నేల మీద చెమ్మ, రెండూ కాగితానికి శత్రువులే. లామినేషన్ చేయిస్తే భద్రంగా ఉంటుందన్నది పెద్ద అపోహ, వేడికి కరిగి కాగితంలో కలిసిపోయిన ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ తీయడం సాధ్యం కాదు.

ఫొటోలకు కావలసింది ముందుగా పేర్లు. వెనుకవైపు అంచు దగ్గర మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ఎవరు, ఎక్కడ, సుమారు ఏ సంవత్సరం అని రాయండి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు గీతలా ఉబుకుతుంది, సిరా మరో ఫొటోకు అంటుతుంది. పెన్సిలు పడని నున్నటి కాగితమైతే కవరు మీద రాసి ఫొటోను అందులో పెట్టండి. "అమ్మమ్మ" అని రాయవద్దు, పూర్తి పేరు రాయండి, ఎందుకంటే మీ మనవరాలికి అమ్మమ్మ మరొకరు. జిగురు పేజీల ఆల్బమ్‌లు, అంటే పైన పల్చటి ప్లాస్టిక్ పొర లేపి ఫొటో అంటించేవి, ఫొటోలకు మంచివి కావు, కానీ తొందరపడి లాగితే ఫొటోలు చిరిగిపోతాయి. ముందు పేజీ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసుకోండి. తరువాత పళ్లు శుభ్రం చేసుకునే మైనం లేని సన్నటి దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి, రంపంలా నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తూ విడదీయండి, రాకపోతే వదిలేయండి. స్కాన్ చేసేటప్పుడు అంగుళానికి 600 చుక్కల స్పష్టత పెట్టుకుంటే మామూలు సైజు ఫొటోకు సరిపోతుంది, చిన్న ఫొటోలకు అంతకంటే ఎక్కువ పెట్టాలి. స్కాన్ అయ్యాక అసలు ఫొటోలను పారేయవద్దు, వెనుక ఉన్న చేతిరాత కూడా ఫొటోలో భాగమే.

బట్టల్లో ముఖ్యంగా ఉన్ని, పట్టు చిమ్మెట పురుగులకు ఆహారం, నూలు బట్టలకు వాటి బెడద తక్కువ. దాచుకునేవాటిని ఉతికి, పూర్తిగా ఆరాక, ప్లాస్టిక్ సంచిలో కాకుండా తెల్లటి నూలు గుడ్డలో చుట్టి, ఆరు నెలలకోసారి మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉన్న పట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది. తాతగారి చొక్కాను ఆయన వాసన కోసం ఉతకకుండా ఉంచాలనిపిస్తే ఉంచుకోండి, నేను కాదనను. అయితే చెమటా నూనే మిగిలిన గుడ్డ పసుపెక్కుతుంది, పురుగునూ పిలుస్తుంది, ఆ వాసన కూడా కొన్నేళ్లకు మించి నిలవదు. వాసన కావాలా, చొక్కా కావాలా అన్నది ఆ ఒక్క వస్తువు విషయంలో మీ అమ్మమ్మగారిని అడిగే నిర్ణయించుకోవాలి.

మీ అమ్మమ్మగారి కొత్త గది గురించి మీరు అడగలేదు కానీ, నాకు అది అన్నింటికంటే ముఖ్యం. వారసత్వం పంచే హడావిడిలో ఆమెకు ఏమి మిగులుతోందో చూడడం మరిచిపోతారు. ఇప్పుడు ఆమె మంచం పక్కన ఉన్న బల్లను, గోడను, అద్దం ముందున్న అరను కదల్చకముందే ఫొటో తీసి, అక్కడ ఏది ఎటు ఉందో కొత్త గదిలోనూ అదే వరుసలో అమర్చండి. రాత్రి చీకట్లో చేయి చాపితే కళ్లజోడు పాత చోటనే తగలాలి. నేల మీద మాత్రం ఏమీ పెట్టవద్దు, చాపల అంచులూ చిన్న పెట్టెలూ ఆ వయసులో పడిపోవడానికి కారణమవుతాయి. ఎవరెంత అడిగినా, ఆమె రోజూ వాడే వస్తువు ఏదీ ఆమె బతికుండగా పంపకంలోకి రాకూడదు. అడిగితే మొహమాటానికి ఇచ్చేసే స్వభావం ఉన్నవారైతే ఈ విషయంలో మీరే కాపలా ఉండాలి.

చివరగా మీ రెండు గదుల ఇల్లు. వదులుకుంటే ఆమెను వదులుకున్నట్టు ఉంటుందన్నారు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయపు వసతిగృహాల్లో చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనసుకు దగ్గరైన వస్తువులకు ఫొటో తీసుకుని ఆ తరువాత దానమివ్వమని ప్రోత్సహించినప్పుడు, ఊరికే దానమివ్వమన్నప్పటి కంటే సుమారు 15 శాతం ఎక్కువ వస్తువులు వచ్చాయి. పోతుందని మనం భయపడేది వస్తువును కాదు, దానితో పాటు జారిపోయే జ్ఞాపకాన్ని. మీ దగ్గర ఇప్పుడు ఫొటోతో పాటు ఆమె గొంతులో ఆ వస్తువు కథ కూడా ఉంటుంది. అందుకని మీ బీరువాలో ఒక్క అర ఖాళీ చేసుకుని, అందులో పట్టేంత మాత్రమే తెచ్చుకోండి. ఎంచుకునేటప్పుడు ఏది పాతది, ఏది అందమైనది అని చూడకుండా, ఏది మీ రోజులో చేరగలదో చూడండి. ఆమె వాడిన కత్తెర మీ చేతిలో వారానికి రెండుసార్లు మెదిలితే, అటక మీద మూటకట్టి ఉన్న పది వస్తువుల కంటే అదే ఎక్కువ. తెచ్చుకున్నాక రెండేళ్లకు ఏదైనా అక్కరలేదనిపిస్తే ఇంకొకరికి ఇవ్వడానికి కూడా మీకు హక్కు ఉంది, ఇచ్చేటప్పుడు దాని కథ రాసిన చీటీ దానితోనే వెళ్లాలి.

రెండు నెలలంటే ఎనిమిది వారాలు, వారానికి నాలుగు ఉదయాలు కేటాయించినా ముప్పై రెండు గంటలు మీకు దొరుకుతాయి, అది తక్కువ సమయమేమీ కాదు. అటకా బీరువాలూ సగం తేలిన తరువాతనే ట్రంకు పెట్టెల జోలికి వెళ్లండి. ఆ రోజు పెన్సిలు, తెల్ల కాగితాలు పక్కన పెట్టుకుని, ఫోను రికార్డరు ఆన్ చేసి, పెట్టెను ఆమె కుర్చీ దగ్గరికి జరపండి. తాళం మీరు తీయవద్దు, తాళంచెవి ఆమె చేతికి ఇవ్వండి.